ఆర్చి మీది రెండుతలల బంగారు పక్షి మనదా, మైసూరోళ్ళదా?

ఆర్చికిందోడు
అందరికీ నమస్కారం. అనంతపురంలో మా కాలనీ ఆర్చి గురించి ఒక పంచాయితీ నడుస్తాంది, ఈడ చరిత్ర తెలిసినోళ్ళు ఉండారు కాబట్టి అడుగుతాండా. ఆర్చి మీద నాలుగడుగుల గండభేరుండం బొమ్మ ఉండాది, సిమెంటుది, బంగారు రంగు కొట్టింది, ప్లాట్లు వేసినప్పటి నుంచి అట్లే ఉండాది అంటే ముప్పై ఏండ్లు దాటింది. ఆటోవాళ్ళకి మా కాలనీ పేరు చెప్తే తెలీదు, రెండుతలల పక్షి కాడ దించప్పా అంటే కండ్లు మూసుకోని దించుతారు. వినాయక చవితి బ్యానర్ మీద అదే, పిల్లోళ్ళ క్రికెట్ టీషర్టు మీద అదే, అసోసియేషన్ రబ్బరు స్టాంపు కూడా అదే. ఇప్పుడు రంగు నల్లబడింది, ఒక తలకి ముక్కు ఊడింది. కమిటీవాళ్ళు దాన్ని దించేసి రాగి రేకుతో కొత్తది చేయించి బంగారు తాపడం పెట్టిద్దాం, ఇంటికి మూడు వేలు అంటాండారు. ఇంకో వర్గం ఏమో అసలు అది మైసూరు మహారాజుల గుర్తు, కర్ణాటక గవర్నమెంటు గుర్తు, మన ఆర్చి మీద ఏంటికి, ఎట్లాగూ దించుతాండారు కదా జటాయువును పెట్టండి అంటాండారు. వాట్సాప్ గ్రూపులో కొట్టుకోని ముగ్గురు ఎగ్జిట్ అయినారు. నిజంగా ఇది ఎవరి గుర్తు? తెలిసినోళ్ళు చెప్పండి.

బెంగళూరుబస్సు
ఇందులో డౌట్ ఏముంది అన్నా. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగితే ప్రతి గవర్నమెంటు బస్సు మీదా అదే పక్షి. నాకు నెలకి రెండుసార్లు కనపడతాది. వాళ్ళదే.

వేరుశనక్కాయ
జటాయువుకి నా ఓటు.

పాతనాణెం_63
బస్సు మీద చూసి చరిత్ర చెప్పే కాలం వచ్చింది, సంతోషం. బాబూ, అచ్యుతదేవరాయలు అని ఒకాయన ఉన్నాడు, కృష్ణదేవరాయల తమ్ముడు, 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలినాడు. ఆయన బంగారు వరహాల మీద, అర వరహాల మీద ఉన్నది గండభేరుండమే. వెనకవైపు నాగరి లిపిలో మూడు వరుసల్లో శ్రీ ప్రతాపాచ్యుతరాయ అని ఉంటుంది. వరహా అంటే దాదాపు మూడున్నర గ్రాముల బంగారం, అర వరహా అందులో సగం, అంటే మన చిటికెన వేలి గోరంత ఉంటుంది, ఆ గోరంత నాణెం మీద రెండు తలల పక్షి, రెండు ముక్కులతో రెండు ఏనుగులు, రెండు కాళ్ళతో రెండు ఏనుగులు పట్టుకుని ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే తొండాలు కూడా కనిపిస్తాయి. ఆ అచ్యుతరాయల కాలంలోనే పెనుకొండ ప్రాంతంలో ఉద్యోగం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు లేపాక్షి గుడి కట్టించారు. కాబట్టి ఆ పక్షి మన జిల్లా మట్టిలో తిరిగిన పక్షే. మైసూరు ఒడయార్లు అప్పుడు విజయనగరం కింద చిన్న పాలెగాళ్ళు, 1610లో రాజ ఒడయారు శ్రీరంగపట్నం పట్టుకున్నాక గానీ వాళ్ళకి పెద్దరికం రాలేదు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో మీరే లెక్క వేసుకోండి.

అసలు ప్రశ్న ఒక్కటే. మీ ఆర్చి మీది పక్షి కాళ్ళ కింద ఏనుగులు ఉన్నాయా లేవా? కర్ణాటక చిహ్నంలో ఎర్ర డాలు మీద పక్షి ఒక్కటే ఉంటుంది, పక్కన ఏనుగు తల సింహాలు నిలబడి ఉంటాయి, కాళ్ళలో ఏనుగులు ఉండవు. ఏనుగులు ఉంటే అచ్యుతరాయలది, లేకపోతే మైసూరుది. ఫొటో పెట్టండి, ఒక్క నిమిషంలో తేల్చేస్తాను.

ఆర్చికిందోడు
సార్ ఫొటో పెట్టినా చూడండి. పొద్దున తీసింది, ఎండ ఎదురు కొట్టి సరిగ్గా రాలా. ఎడమ కాలి కింద ఏదో ముద్ద మాదిరి ఉండాది. కుడి కాలు కాడ కమ్మీ బయటపడింది.

గుత్తికోట
నాణెం సార్ చెప్పింది సగమే. విజయనగరం రాజచిహ్నం వరాహం అండీ, కత్తి, సూర్యుడు, చంద్రుడు పక్కన పెట్టుకుని ఉంటుంది, నాణేనికి వరహా అనే పేరు కూడా ఆ వరాహం నుంచే వచ్చింది. గండభేరుండం ఒక రాజు నాణెం మీద ఉన్నంత మాత్రాన సామ్రాజ్యం గుర్తు ఎట్లా అవుతుంది? కృష్ణదేవరాయల నాణెం మీద బాలకృష్ణుడు ఉన్నాడు, రేపు ఆర్చి మీద వెన్నముద్ద పెట్టుకుంటారా? ఇంకా వెనక్కి పోతే శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో 1047లో ఒక చాళుక్య సామంతుడు నిలబెట్టిన భేరుండ స్తంభం ఉంది, మనిషి ఒళ్ళు, రెండు పక్షి తలలు. అచ్యుతరాయలు గద్దె ఎక్కక ముందు దగ్గర దగ్గర ఐదొందల ఏళ్ళ నాటిది. అది కన్నడ నేల. కాబట్టి ముందు వాళ్ళదే. నిజం చేదుగా ఉంటుంది.

పాతనాణెం_63
బళ్ళిగావి భేరుండానికి ఏనుగులు లేవు. నేను ఏనుగుల గురించి మాట్లాడుతున్నాను.

గుత్తికోట
నేను గుర్తు గురించి మాట్లాడుతున్నాను సార్.

కదిరిమల్లెలు
అందరూ రాజుల గురించే మాట్లాడతాండారు, దేవుడి గురించి ఎవురూ చెప్పరే. హిరణ్యకశిపుని చంపినంక నరసింహస్వామి కోపం చల్లారలేదంట, శివుడు సగం సింహం సగం పక్షి అయిన శరభం రూపంలో వచ్చినాడంట, దానికి ఎదురుగా స్వామి గండభేరుండం అయినాడంట. మా కదిరిలో నరసింహస్వామి, మన సీమలోనే అహోబిలం. ఇంత నరసింహక్షేత్రాల మధ్య ఆ పక్షి మనది కాక ఇంగెవరిది?

ఓంకారం
శరభం కథలో శివుడే గెలిచినాడు. సగం కథ చెప్పొద్దు.

కదిరిమల్లెలు
మీ పురాణంలో అట్ల, మా పురాణంలో ఇట్ల.

ఓంకారం
అదీ మాట. పురాణాలు రెండు, పక్షి ఒకటి.

వేరుశనక్కాయ
తలలు రెండు కదా, చెరొకటి తీసుకోండి.

జరీపోగు
నేను ధర్మవరం. చరిత్ర నాకు రాదు గానీ మీరంతా బంగారు పక్షి బంగారు పక్షి అంటాంటే ఒక మాట చెప్పాల. ముప్పై ఏండ్ల కింద సిమెంటు బొమ్మకి కొట్టింది బంగారం కాదప్పా, గోల్డ్ పౌడర్, అంటే ఇత్తడి పొడి వార్నీషులో కలిపి కొడతారు, ఎండకి వానకి రెండేండ్లల్లో నల్లబడతాది, ఒక్కోసారి పచ్చగా చిలుము పడతాది. మీ ఫొటోలో రెక్కల సందుల్లో కనపడే పచ్చ అదే. తాపడం వేరే కత. రాగి రేకు కొట్టి, పని తీసి, దాని మీద బంగారం ఎక్కిస్తారు. పాతకాలంలో పాదరసంలో బంగారం కలిపి పూసి నిప్పు సెగ చూపిస్తే పాదరసం ఆవిరై పోయి బంగారం అంటుకోని ఉండేది, ఆ పొగకి పనోళ్ళ పండ్లు ఊడేవి, చేతులు వణికేవి. మా జరీ కూడా ఇదే బాపతు. సన్నటి వెండి తీగ పట్టుపోగు మీద చుట్టి పైన బంగారు పూత, అది అసలు జరీ. ఇప్పుడు వచ్చేదంతా ప్లాస్టిక్ జరీ, గోటితో గీకితే తెల్సిపోతాది. ఇంటికి మూడు వేలు అంటే ఎన్ని ఇండ్లు? నూటయాభై అనుకుందాం, నాలుగున్నర లక్షలు. తులం రేటు చూసుకోండి ఇప్పుడు. నాలుగడుగుల బొమ్మకి లోపలా బయటా తాపడం ఈ డబ్బుతో ఎట్ల వస్తాదో నాకైతే అర్థం కాలా. వస్తే గిల్టు వస్తాది. గిల్టు అని చెప్పి చేయించండి, తప్పు లేదు. తాపడం అని మాత్రం అనొద్దు.

కాలనీసెక్రటరీ
ఇక్కడ మా కాలనీ విషయం చర్చకు పెట్టినట్టు ఇప్పుడే తెలిసింది. కొటేషన్లు మూడు తీసుకున్నాం. ఎలక్ట్రోప్లేటింగ్ అది, మైక్రాన్ల లెక్కలో బంగారం ఉంటుంది, పైన కోటింగ్ ఉంటుంది, పదేళ్ళు గ్యారంటీ. లెక్కలు చూపించమంటే కమిటీ మీటింగుకి రండి, ఇక్కడ కాదు.

జరీపోగు
మైక్రాన్లా. అయితే గిల్టే సార్. నేను చెప్పింది అదే కదా.

పాతనాణెం_63
ఎడమ కాలి కింది ముద్దకి తొండం ఉన్నట్టు అనిపిస్తోంది. సాయంత్రం ఎండ వెనక నుంచి పడుతున్నప్పుడు ఇంకో ఫొటో తీయండి.

హిందూపురం_అల్లుడు
నాకు నవ్వొస్తాంది. జటాయువును పెడతారంట. లేపాక్షి మీది యాటికి అయితాది? 2022 ఏప్రిల్ 4 నుంచి లేపాక్షి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి అన్నీ శ్రీ సత్యసాయి జిల్లా. రాముడు 'లే పక్షీ' అన్న ఊరు మాది. రాతి గుండు మీద జటాయువు బొమ్మ కూడా మా దగ్గర ఉండాది. అనంతపురం టౌనోళ్ళకి ఇప్పుడు గుర్తుకి ఏమీ మిగల్లేదని మా పక్షి తీసుకుపోతామంటే ఎట్ల. పోనీ ఆ జిల్లా వచ్చినప్పుడన్నా మాకు న్యాయం జరిగిందా అంటే హెడ్‌క్వార్టర్ పుట్టపర్తికి పోయింది, హిందూపురం ఇంత పెద్ద టౌను, ఫ్యాక్టరీలు ఉండాయి, రైలు ఉండాది, మాకు ఇయ్యలేదు. మా మామ ఒక సంతకానికి రెండు బస్సులు మారి పోయినాడు, ఆపీసులో సారు లంచికి పోయినాడని మూడు గంటలు బయట కూర్చున్నాడు. ఇంగ జటాయువు మీకా.

గుత్తికోట
మీ మామ సంతకానికీ జటాయువుకీ ఏం సంబంధం అండీ. పైగా జటాయువు పడిన చోటు మాదే అని కేరళలో చడయమంగళం వాళ్ళు కూడా అంటారు, 2018లో కొండ మీద 200 అడుగుల పొడవు జటాయువు శిల్పం పెట్టి టికెట్ పెట్టినారు. పోయి వాళ్ళతో కొట్లాడండి.

హిందూపురం_అల్లుడు
సంబంధం ఉండాది. మీ టౌనోళ్ళకి ఎప్పుడూ పేరు మీకు, తిరుగుడు మాకు.

ఆర్చికిందోడు
అన్నా నేను ప్రశ్న అడిగింది మైసూరుదా కాదా అని మాత్రమే.

రిటైర్డు_మాస్టారు
చాలాసేపు చదివి ఊరుకుందామనుకున్నాను గానీ ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరిది, ఎవరిది అని జిల్లా గీతలు, రాష్ట్ర గీతలు పట్టుకుని అడుగుతున్నారు, ఆ గీతల వయసు ఎంత? టిప్పు సుల్తాను పోగొట్టుకున్న సీమలు 1792లో కొన్ని, 1799లో కొన్ని నిజాముకి వచ్చాయి, ఆయన 1800లో వాటిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు, అందుకే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో దొర 1807 దాకా కలెక్టరుగా ఉన్నాడు. 1882 దాకా అనంతపురం అనే జిల్లా లేనే లేదు, మనం బళ్ళారి జిల్లాలో ఉన్నాం. కదిరి తాలూకా కడప నుంచి మనకు వచ్చింది 1910లో. రాయలసీమ అనే పేరు పెట్టిందే 1928లో, నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది 1953 అక్టోబరు 1న. అంటే ఆ తేదీకి ముందురోజు దాకా, అప్పట్లో హంపి ఉన్న ఆ బళ్ళారి జిల్లా, మనం ఒకే మద్రాసు రాష్ట్రం. అలాంటప్పుడు గండభేరుండం కన్నడ పక్షా తెలుగు పక్షా అని అడిగితే ఆ పక్షే నవ్వుతుంది, రెండు నోళ్ళతో. గండ అంటే వీరుడు. పెద్దనకు రాయలు తొడిగిన గండపెండేరంలో ఉన్నదీ, మూరురాయరగండ అనే విజయనగర రాజుల బిరుదులో ఉన్నదీ అదే గండ. ఆ బిరుదు కన్నడం, పెద్దన తెలుగు, రాజు ఒక్కడే.

బెంగళూరుబస్సు
మాస్టారూ, సూపర్. అయినా బస్సు మీద మాత్రం వాళ్ళదే.

గుత్తికోట
టిప్పు పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. నిజమైన బంగారు పక్షి చూడాలంటే అది టిప్పు సింహాసనం మీది హుమా పక్షి. కొయ్య సింహాసనానికి బంగారు రేకు తొడిగించి, పైన గొడుగు మీద రాళ్ళు పొదిగిన హుమాను నిలబెట్టించుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషు వాళ్ళు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు, పక్షి మూడో జార్జి రాజుకి పోయింది, ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. మా గుత్తి కోటను మురారిరావు దగ్గర నుంచి హైదరాలీ 1776లో తీసుకున్నాడు, నీళ్ళు అయిపోయేదాకా చుట్టుముట్టి. అంటే ఆ బంగారంలో మా గుత్తి శిస్తు కూడా ఉంటుంది. ఆ పక్షిని అడగండి ముందు, సిమెంటు పక్షి తర్వాత.

జరీపోగు
చూసినారా, టిప్పు అంతటోనిది కూడా లోపల కొయ్యే, పైన రేకు. నేను చెప్తాంది అదే, లోపల ఏముందో చెప్పి చేయించండి అని.

కడపకారం
రాష్ట్రపక్షి కూడా మనకి స్థిరంగా లేదు. పాలపిట్ట ఉండేది, 2018లో రామచిలక చేసినారు. పాలపిట్ట తెలంగాణకీ కర్ణాటకకీ మిగిలింది. ఆర్చి మీద రామచిలకను పెట్టుకోండి, ఎవరూ అడగరు.

పాతనాణెం_63
అందరూ విషయం పక్కదారి పట్టించారు. ఏనుగు ఉందా లేదా తేలితే పంచాయితీ ఐపోతుంది. సెక్రటరీ గారూ, మీరు అక్కడే ఉంటారు కదా, ఒక నిచ్చెన వేసి చూడడానికి ఏమి కష్టం?

కాలనీసెక్రటరీ
ఏనుగు ఉన్నా లేకపోయినా ఈ నెలాఖరుకి పాతది దించుతున్నాం. కొత్త ఆర్చికి గ్రానైట్ శిలాఫలకం కూడా ఆర్డర్ ఇచ్చాం. పాతిక వేలు పైన ఇచ్చిన దాతల పేర్లు చెక్కిస్తున్నాం. ఇప్పటికే పదకొండు మంది ముందుకు వచ్చారు. చరిత్ర చర్చలు తర్వాత పెట్టుకోవచ్చు. ఇక్కడ మాట్లాడే వాళ్ళలో చందా ఇచ్చిన వాళ్ళు ఎంతమంది?

మేస్త్రీకొడుకు
ఇప్పటిదాకా చదువుతా ఉన్నా, అకౌంటు ఇప్పుడే చేసుకున్నా. చందా ఇచ్చినోళ్ళు ఎంతమంది అన్నారు కదా సార్. మేము మీ కాలనీలో ఆరో లైన్లో ఉంటాం, అద్దెకి. మూడు వేలు మా ఇంటికి కూడా వచ్చి అడిగినారు. మీటింగుకి వస్తే ఓనర్లకే ఓటు అన్నారు. సరే అని బయట చెప్పులకాడ నిలబడి విన్నా.

కాలనీసెక్రటరీ
బైలాస్ ప్రకారం సభ్యులకే ఓటు. చందా స్వచ్ఛందం. ఎవరినీ బలవంతం చేయలేదు. ఇది ఇక్కడ సంబంధం లేని విషయం.

మేస్త్రీకొడుకు
స్వచ్ఛందం అన్నారు, ఇయ్యకపోతే ట్యాంకర్ నీళ్ళు మీ లైన్‌కి ఆఖర్న వస్తాయి అని కూడా అన్నారు. అది కూడా బైలాసేనా.

హిందూపురం_అల్లుడు
నేను చెప్పలా, పేరు వాళ్ళకి, తిరుగుడు మనకి.

కాలనీసెక్రటరీ
ఎవరు అన్నారో పేరు చెప్పు, ఊరికే నోటికొచ్చినట్టు రాయొద్దు. ముప్పై ఏళ్ళుగా ఈ కాలనీని మా చేతులతో నిలబెట్టాం. బోర్లు వేయించింది మేము, రోడ్డు వేయించింది మేము, ఆ పక్షిని పెట్టించింది కూడా మేమే. నిన్నగాక మొన్న వచ్చి ఓటు అడిగితే ఎట్లా?

మేస్త్రీకొడుకు
నిన్నగాక మొన్న కాదు సార్. ఆ పక్షిని చేసింది మా నాయన.

మీరు పెట్టించినారు, నిజమే. చేసింది ఆయన. ఆర్చి సెంటరింగు కొట్టింది, కమ్మీ కట్టింది, పక్షి చేసింది. మీరంతా అచ్యుతరాయలు, మైసూరు, బళ్ళిగావి అని మాట్లాడుతాంటే నాకు ఏం చెప్పాల్నో తెలీలా. మా నాయనకి నాణేలు తెలీవు, మైసూరు ఎప్పుడూ పోలా. అప్పటి కమిటీవాళ్ళు ఆర్చి మీద ఏదన్నా గొప్పగా పెట్టు మేస్త్రీ, సింహం వద్దు అన్ని ఆర్చిల మీదా సింహాలే అన్నారంట. మా అమ్మ పెండ్లి చీర ధర్మవరం పట్టుది, కొంగులో జరీతో రెండుతలల పక్షి ఉంటాది. దాన్ని మిద్దె మీద నులకమంచం మీద పరిచి, సిమెంటు సంచిని విప్పి లోపలి కాగితం మీద బొగ్గుతో గీసుకున్నాడు, ఒక గీత రెండు జానల లెక్కన పెంచుకుంటా పోయినాడు. ఆ చీరకి అంటిన బొగ్గు మసి ఇప్పటికీ పోలేదు, మా అమ్మ ఇప్పుడు కూడా తిడతాది. ఈకలు చేసేదానికి తాపీ మూలతో చెక్కితే మొద్దుగా వస్తాండాయని వంటింట్లో గరిటె తీసుకోని, దాని అంచుతో పచ్చి సిమెంటు మీద ఒక్కొక్క ఈక నొక్కినాడు. దగ్గరగా చూస్తే ప్రతి ఈకా ఒకటే సైజు ఉంటాది, అందుకే. అది ఎవరి గుర్తు అంటే నేను ఏం చెప్పాల.

పాత ఫలకం మీద పద్నాలుగు పేర్లు ఉండాయి. లెక్కపెట్టుకోండి. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు, రంగులు స్పాన్సర్ చేసిన షాపు పేరు కూడా ఉండాది. మా నాయన పేరు లేదు. వెయ్యిన్నూరు రూపాయలు బాకీ కూడా ఉండిపోయింది, ముక్కు సరిగ్గా రాలేదని పట్టుకున్నారంట. అదే ముక్కు ఇప్పుడు ఊడింది, సరే, అది ఆయన తప్పే అనుకుందాం.

జరీపోగు
తమ్ముడూ ఆ చీర ఏ కాలంది? కొంగులో పక్షి మెడలు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయా, పెనవేసుకోని ఉంటాయా? ఎడంగా ఉంటే అది మా పెద్దోళ్ళు వేసిన డిజైను అయ్యుండొచ్చు. ఫొటో పెట్టు. మేము కూడా చీర మీద పేరు రాసుకోం. కొన్నామె పేరు రాస్తారు, షాపు పేరు రాస్తారు.

మేస్త్రీకొడుకు
ఎడంగా ఉంటాయన్నా. రేపు తీసి పెడతా.

కదిరిమల్లెలు
గరిటెతో ఈకలు చేసినాడా! ఆ బొమ్మను యాటికి దించుతారప్పా, ముక్కు అతికించి రంగు కొడితే పోదా.

కాలనీసెక్రటరీ
మీ నాన్నగారి మీద మాకు గౌరవం ఉంది. ఆ బాకీ సంగతి నాకు తెలియదు, అప్పటి కమిటీ వేరు. కానీ బొమ్మ పగుళ్ళిచ్చింది, కమ్మీ తుప్పు పట్టింది, కింద స్కూలు బస్సులు ఆగుతాయి. పడితే ఎవరు బాధ్యులు? సెంటిమెంటుతో ఆర్చి నిలబడదు.

గుత్తికోట
సెక్రటరీ గారూ, ఆ పాయింటు న్యాయమే. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది, అది ఆగదు. కానీ మీరు మొదటి నుంచీ భద్రత గురించి మాట్లాడలేదు, తాపడం గురించి, ఫలకం గురించి మాట్లాడినారు. భద్రత ఇప్పుడు గుర్తొచ్చింది.

కాలనీసెక్రటరీ
మీరు మా కాలనీ కాదు.

గుత్తికోట
అవును, నాకూ ఓటు లేదు.

రిటైర్డు_మాస్టారు
బాబూ మేస్త్రీకొడుకూ, మీ నాన్నగారు ఉన్నారా? ఉంటే ఆయనను అడిగి రాయగలవా, కాళ్ళు ఎట్లా నిలబెట్టాడో. దించినా దించకపోయినా ఆ వివరం ఎక్కడో ఒకచోట ఉండాలి.

మేస్త్రీకొడుకు
ఉండాడు సార్, మోకాళ్ళు పోయినాయి, నిచ్చెన ఎక్కలేడు. ఇప్పుడే అడిగినా. కాళ్ళల్లో నుంచి పన్నెండు ఎమ్మెమ్ కమ్మీలు రెండు ఆర్చి బీములోకి దింపినాడంట, అవి తుప్పు పడితే పైనుంచి కొట్టుకుంటా రావాల్నే గానీ ఒక్క దెబ్బకి దించొద్దు, రెక్క విరిగి బస్సు మీద పడతాది అని చెప్పమన్నాడు. దించేటప్పుడు నన్ను కుర్చీ వేసి కింద కూర్చోబెట్టండి, చెప్తా ఉంటా అన్నాడు. డబ్బులు అడగలేదు.

ఆర్చికిందోడు
ఆయన్ని నేను బండి మీద తీసుకొస్తా. సెక్రటరీ సార్, కనీసం ఫలకం మీద ఒక లైన్ ఖాళీ పెట్టియ్యండి, గ్రానైటు ఇంగా చెక్కలేదు కదా.

కాలనీసెక్రటరీ
మీటింగులో పెడతాను. హామీ ఇవ్వలేను.

వేరుశనక్కాయ
జటాయువు ఓటు వెనక్కి తీసుకుంటాండా.

పాతనాణెం_63
ఇవన్నీ సరే. మేస్త్రీ గారి అబ్బాయీ, చీర కొంగులో ఏనుగులు లేవు అనుకుందాం, మరి ఎడమ కాలి కింద ఏనుగు ఎందుకు చేసినట్టు? నాన్నగారికి ఎక్కడో నాణెం కనిపించి ఉండాలి.

మేస్త్రీకొడుకు
సార్ అది ఏనుగు కాదు. కమ్మీ వంగి బయటికి వచ్చింది, కోసేదానికి రంపం లేక, మిగిలిన సిమెంటు ముద్ద చేసి దాని మీద కప్పెట్టినాడు.

పాతనాణెం_63
ఒట్టి ముద్ద అయితే కొస పైకి ఎందుకు తిరిగింది? జూమ్ చేసి చూడండి, తొండం ఎత్తి ఉంది. నాన్నగారిని ఇంకోసారి అడగండి.